ట్యుటోరియల్‌కు ఎంపికైన వాళ్లు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో అమ్మకు కూడా. విశ్వవిద్యాలయంలో టీచింగ్ అసిస్టెంటు ఉద్యోగానికి నేను దరఖాస్తు పెట్టింది, ఆ ఉద్యోగంలో మాట్లాడే పని ఉండదన్న నమ్మకంతో. ప్రకటనలో అసిస్టెంటు అన్న మాట ఒక్కటే నా కళ్లకు ఆనింది. పటాలు గోడకు తగిలించడం, జవాబు పత్రాలు దిద్దడం, అడిగిన పుస్తకం అందించడం, ఇంతే అనుకున్నాను. మాట్లాడేది ప్రొఫెసరు గారు, పక్కన నిలబడేది నేను. ఈ ఉద్యోగం ఎందుకు కావాలని ఇంటర్వ్యూలో అడిగితే చరిత్ర అంటే ఇష్టమని చెప్పాను. అది నిజమే. మిగతా సగం నిజం నా డైరీకి కూడా చెప్పలేదు.

రెండేళ్ల కిందట ఆగస్టు మొదటి సోమవారం, నారాయణగూడలో మా విభాగం ఉన్న పాత మేడలో చేరాను. మా ఇల్లు చిక్కడపల్లిలో. నడుచుకుంటూ వెళ్లేంత దూరం. ఆఫీసు సూపరింటెండెంటు గారు నా ఉత్తర్వు మీద 'టి.ఏ.' అన్న రెండక్షరాలు చూసి, ఎక్కడికి వెళ్లొచ్చారని అడిగారు. నాకు అర్థం కాక, చిక్కడపల్లి నుంచి వచ్చానని చెప్పాను.

"చిక్కడపల్లికెల్లి నారాయణగూడకు టి.ఏ. ఎవరిస్తరమ్మా?" అన్నారాయన, ఎంతో దయగా.

ఆఫీసుల్లో టి.ఏ. అంటే ప్రయాణ భత్యం. ఆయన సర్వీసులో ఆ రెండక్షరాలకు ఇంకో అర్థం ఉండే అవసరం రాలేదు. నా నియామకపు ఉత్తర్వు చాలాకాలం ప్రయాణ బిల్లుల ఫైలులోనే ఉండిపోయింది. ఒక మాటకు ఇద్దరు రెండు అర్థాలు పట్టుకుని ఎంత సాఫీగా మాట్లాడుకోగలరో ఆ రోజే చూశాను. కానీ అందులో నాకొక హెచ్చరిక ఉందని అప్పుడు తట్టలేదు.

ఈ వృత్తి గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. విభాగంలో అందరికంటే పైన ప్రొఫెసరు, ఆ కింద అసోసియేట్, ఆ కింద అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆ కింద గంటల లెక్కన వచ్చే గెస్టు లెక్చరర్లు. వాళ్లకూ కింద టీచింగ్ అసిస్టెంటు. కాగితం మీద మా కింద అటెండరు ఒక్కడే ఉంటాడు. గదుల తాళాలు అతని చేతిలో ఉంటాయి కాబట్టి, నిజానికి అతను మాకంటే చాలా పైన. మా అటెండరు యాదగిరి.

టీచింగ్ అసిస్టెంటు పాఠం చెప్పడు. పాఠం ప్రొఫెసరు చెబుతారు, పెద్ద హాలులో, అందరికీ కలిపి. ఆ పాఠం మీద విద్యార్థులు రాసిన వ్యాసాలను మేము మొదట చదివి, పెన్సిలుతో మార్కులు వేస్తాం. ఆ మీదట ప్రొఫెసరు గారు చదివి, ఎర్ర సిరాతో తన మార్కులు వేసి సంతకం పెడతారు. ఎర్ర సిరా పడేదాకా పెన్సిలు మార్కులను విద్యార్థికి చెప్పకూడదు. మా ప్రొఫెసరు వేదవతి గారు చేరిన రోజే నాకు చెప్పిన మాట: పెన్సిలుతో వేసేవి మార్కులు కావు, అభిప్రాయాలు.

ఇంతవరకూ నేను ఊహించుకున్న ఉద్యోగమే. వేదవతి గారు అసలు సంగతి రెండో వారంలో చెప్పారు. పెద్ద హాలులో ఒకరు మాట్లాడుతుంటే అందరూ రాసుకుంటారు, అలా చరిత్ర రాదు. కొద్దిమందిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఒక శాసనం నకలో, పాత ఉత్తరమో ముందు పెట్టి, వాళ్లచేత మాట్లాడించాలి. ఆ పని చేసేది టీచింగ్ అసిస్టెంటు. ఆ తరగతినే విశ్వవిద్యాలయాల్లో ట్యుటోరియల్ అంటారు. నువ్వు మాట్లాడక్కర్లేదు, వాళ్లను మాట్లాడించు చాలు, అని నాకు ధైర్యం చెప్పారు. నాకు ఉన్న ధైర్యం కూడా పోయింది.

ఎందుకంటే నా గొంతు సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. హాజరు పిలవడానికి ఒక రోజు నన్ను హాలులో నిలబెట్టారు. వెనక తలుపు దగ్గర నిలబడ్డ యాదగిరి చివరిదాకా ఓపిగ్గా విని, నేను బయటికొచ్చాక అడిగాడు.

"మేడమ్, మీరు పేర్లు పిలిచిండ్రా, మనసుల అనుకున్నరా?"

ఆ కోర్సులో మొదటి వ్యాసం, ఒక ఆధారాన్ని ఎందుకు నమ్మాలి అన్నది. మా విద్యార్థుల్లో చాలామంది పగలు మా దగ్గర చదివి, సాయంత్రం అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల కోచింగుకు వెళ్తారు. వాళ్లకు చరిత్ర అంటే బిట్లు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, నాలుగింటిలో ఒకటి. 'ఎందుకు' అన్న ప్రశ్న చూసి, దీనికి ఆప్షన్లు ఉండవా మేడమ్ అని అడిగారు. ఉండవని చెబితే, గైడు ఉంటదా అని అడిగారు.

ఆ వ్యాసాల్లో ఒకటి నన్ను కుర్చీలోంచి లేపి నిలబెట్టింది. రాసిన అమ్మాయి లావణ్య. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, అశోక్‌నగర్ వెనక బస్తీలో ఉండే మేస్త్రీ కృష్ణయ్య కూతురు. తమ కుటుంబం పట్నం ఎందుకు వచ్చిందో రాసింది. నాయన చెప్పే ప్రకారం, ఊళ్లో బోరు ఎండిపోయి వచ్చారు. అమ్మ చెప్పే ప్రకారం, నాయన తన అన్నతో కొట్లాడి అలిగి వచ్చాడు. ఇద్దరూ అక్కడే ఉన్నారు, ఇద్దరూ అబద్ధం చెప్పరు. మరి చరిత్రకారుడు ఎవరి మాట రాసుకోవాలి, అని అడిగి, నాలుగు పేజీల్లో తానే తేల్చింది. బోరూ ఎండింది, కొట్లాటా అయింది. బోరు ఎండితేనే కొట్లాట అయింది. నేను పెన్సిలుతో వేసిన మార్కులు చూసి నాకే భయమేసి, కొంచెం చెరిపి, మళ్లీ వేశాను. అవే వేశాను. అది క్లాసులో అన్నిటికంటే పై మార్కు.

మొదటి ట్యుటోరియల్‌కు వ్యాసాలు బాగా రాసినవాళ్లనే పిలుద్దామని వేదవతి గారు నిర్ణయించారు. వాళ్లతో కుదిరితే మిగతావాళ్లకూ పెట్టొచ్చు. మొదటిసారి నిలబడే నాకూ సులువు. పేర్లు సూపరింటెండెంటు గారికి ఇచ్చాం. ఆయన అడ్మిషన్ల రికార్డులో ఉన్న ఫోన్ నంబర్లకు మెసేజి పంపించారు. ఆ నంబర్లు విద్యార్థులవి కావు, తల్లిదండ్రులవి. మెసేజి ఇది:

'మీ కుమారుడు/కుమార్తె శనివారం ట్యుటోరియల్‌కు ఎంపిక చేయబడినారు. హాజరు తప్పనిసరి. లేనిచో చర్య తీసుకొనబడును.'

శనివారం కోసం నేను చేసిన సన్నాహం ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఒక శాసనం నకళ్లు జిరాక్స్ తీయించాను. వెయ్యాల్సిన ప్రశ్నలు రాసుకున్నాను. ఏ ఆధారం ముందున్నా చరిత్ర విద్యార్థి అడగాల్సినవి నాలుగే: ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఎప్పుడు రాశారు, రాసినవాడికి ఆ సంగతి ఎలా తెలుసు. ఆ నాలుగూ మా డాబా మీద తులసికోటకు గట్టిగా చెప్పి చూశాను. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, ఎవరు రాసిండ్రమ్మా ఉత్తరం, అని కంగారుపడ్డారు.

శనివారం ఉదయం వెళ్లేసరికి గదిలో ఎవరూ లేరు. బల్ల, కుర్చీలు, నేను. కాసేపటికి యాదగిరి తల లోపలికి పెట్టాడు.

"మేడమ్, లోపల ఎవ్వరు లేరు గాని, బైట అందరున్నరు."

వరండాలోకి వెళ్లి చూస్తే నిజమే. వరండా నిండా జనం. పిలిచిన పిల్లలందరూ వచ్చారు, ఒక్కొక్కరి పక్కన అమ్మో నాన్నో. పిల్లలు తలలు వంచుకొని గోడకు ఆనుకున్నారు. పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడ్డారు. ఇంట్లో ఏదో జరగరానిది జరిగినట్టు తలో దిక్కూ చూస్తున్న ఆ తీరు నాకు బోధపడలేదు. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు బోర్డు దగ్గర ఇలా ఉంటుంది. ఫలితాలేవీ రాలేదే అనుకున్నాను.

సుల్తాన్ బజార్‌లో బట్టల వ్యాపారం ఉన్న సత్యనారాయణ గారు అందరికంటే ముందు నిలబడ్డారు. తరతరాలుగా నల్లకుంటలో ఉన్న కుటుంబం. కొడుకు కార్తీక్ మా కోర్సులో ఉన్నాడు. ఆయన ఆఫీసు వైపు చెయ్యి చూపిస్తూ, మా ఇంట్లో ఇంతవరకు ఎవ్వరూ ట్యుటోరియల్ మొహం చూడలేదని, మూడు తరాల్లో మాకీ గతి పట్టలేదని గట్టిగా చెబుతున్నారు. కార్తీక్ చెప్పుల వైపు చూస్తున్నాడు.

అప్పుడు తెలిసింది. నారాయణగూడ, హిమాయత్‌నగర్ వీధుల్లో ట్యుటోరియల్ అన్న మాటకు ఒకటే అర్థం. పదిలోనో ఇంటర్‌లోనో తప్పినవాళ్లను చేర్చుకొని, మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టే చోటు. ఆ బోర్డుల కిందుగా మేమందరం చిన్నప్పటినుంచీ నడిచాం. ఆ మెట్లెక్కేవాళ్లు అటూ ఇటూ చూసి ఎక్కేవాళ్లు. నేనూ చూశాను. చూసి కూడా, పుస్తకాల్లో చదివిన అర్థం తలకెక్కాక వీధిలో విన్న అర్థం మర్చిపోయాను. సూపరింటెండెంటు గారికైతే ఆ పుస్తకాల అర్థమే తెలియదు. క్లాసులో బాగా రాసిన ప్రతి పిల్లా పిల్లాడి ఇంటికీ, మీవాడు ఫెయిలయ్యాడని మేము కబురు పంపాం. ఎర్ర సిరా పడలేదు కాబట్టి, కాదని చెప్పడానికి పిల్లలకూ ఏమీ తెలియదు. వాళ్లూ ఫెయిలయ్యామనే అనుకున్నారు.

అంతలో ఆఫీసు గదిలోంచి ఒక గొంతు వినిపించింది.

"మాకు టీసీ ఇయ్యుండ్రి సారు. సదివింది సాలు."

టీసీ అంటే బదిలీ పత్రం. అది చేతికిచ్చారంటే ఆ విద్యార్థి చదువు మా దగ్గర ముగిసినట్టే. అడుగుతున్నది కృష్ణయ్య. సున్నం మరకలున్న చొక్కా మార్చుకునే తీరిక లేకుండా, పని మధ్యలో వచ్చినట్టున్నాడు. పక్కన లావణ్య, చున్నీ కొస నోట్లో కుక్కుకొని. సంగతి సూపరింటెండెంటు గారే నాకు చెప్పారు. మెసేజి వచ్చినప్పుడు కృష్ణయ్య స్లాబు పని మీద ఉన్నాడట. కళ్లద్దాలు లేక, పక్కవాడికిచ్చి చదవమన్నాడట. అతను అందరి ముందూ పైకి చదివాడట. కూతురు ఒక్కదాంట్లో తప్పినా చదువు మాన్పించి, మేనమామ పనిచేసే సుల్తాన్ బజార్ దుకాణంలో కూర్చోబెడతానని ఇంట్లో ముందే ఒప్పందం. మనిషి మాట మీద నిలబడడానికి వచ్చాడు. టీసీ మీద హెడ్డు సంతకం కావాలి, హెడ్డు వేదవతి గారు, ఆమె వేరే ఊళ్లో వైవాకు వెళ్లారు, ఫోను కట్టేసి ఉంది. విభాగం తరఫున ఉన్నది మీరొక్కరే, మీరు చెప్పండి, అని సూపరింటెండెంటు గారు కుర్చీ వెనక్కి జరిపారు.

కృష్ణయ్య నా వైపు తిరిగి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. కాగితం మీద రాసి ఇస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. ఆయనకు కళ్లద్దాలు లేవని గుర్తొచ్చింది.

పెన్సిలు మార్కులు చెప్పకూడదు. చెప్పకపోతే సోమవారం వేదవతి గారు రాగానే ఈయన మళ్లీ వస్తాడు, సంతకం అడుగుతాడు. ఈలోపు ఆ పిల్ల దుకాణంలో చీరలు మడతపెడుతూ ఉంటుంది. చెప్పాను.

"లావణ్య ఫెయిల్ కాలేదండీ. ఫస్టు వచ్చింది."

లావణ్య నోట్లోంచి చున్నీ జారిపోయింది. కృష్ణయ్య మాత్రం నా వైపు జాలిగా చూశాడు.

"ఫస్టొచ్చినోళ్లను ట్యుటోరియల్‌కు ఎందుకు పంపుతరు మేడమ్?"

తన బామ్మర్ది కొడుకు మూడేండ్లు ట్యుటోరియల్ల సదివిండని, ఆడికి ఎవలు పోతరో తనకు తెల్వదా అని కూడా అన్నాడు. మీ అమ్మాయి అందరికంటే బాగా రాసిందని నేను మళ్లీ చెప్పాను. ఏం రాసిందని అడిగాడు. ఆయన వెనక నిలబడ్డ లావణ్య రెండు చేతులూ అడ్డంగా ఊపేసింది.

మీరు పట్నం వచ్చిన సంగతి రాసిందని చెప్పాను. ఆయన మొహం కొంచెం విచ్చుకుంది.

"బోరెండిందని రాసిందా?"

"అదీ రాసింది" అన్నాను.

'అదీ'లోని ఆ దీర్ఘం ఆయనకు వినపడలేదు. లావణ్యకు వినపడింది. అటు తిరిగి గోడలో మొహం పెట్టి భుజాలు కుదిపేసుకుంటోంది. చూసేవాళ్లు ఏడుస్తోందనుకుంటారు.

మాటలతో అయ్యే పని కాదని తేలిపోయింది. టీసీకి తొందరేం లేదు, లోపలికి వచ్చి ఒక్క గంట కూర్చోండి, ఇది ఎలాంటి ట్యుటోరియలో మీ కళ్లతో చూసి, అప్పుడు అడగండి, అని కృష్ణయ్యకు చెప్పాను. ఆ ఊపులో వరండాలోకి వచ్చి మిగతావాళ్లకూ అదే మాట చెప్పాను. గట్టిగానే చెప్పి ఉంటాను. యాదగిరి చేతిలో టీ గ్లాసు కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

పిల్లలు బల్ల చుట్టూ కూర్చున్నారు. పెద్దవాళ్లు గోడ వెంబడి బెంచీల మీద సర్దుకున్నారు. శాసనం నకళ్లు నా చేతిలో ఉన్నాయి. పంచబోయి ఆగిపోయాను. ఈ గదిలో ఒక్కరికీ ఇప్పుడు శాసనం అక్కర్లేదు. అందరి దగ్గరా ఉన్న ఆధారం వేరు. ఎవరి ఫోనులో అయినా ఆ మెసేజి ఉంటే పైకి చదవమన్నాను. కార్తీక్ తండ్రి ఫోను అందుకొని, కోర్టులో శిక్ష విన్నట్టు చదివాడు.

మొదటి ప్రశ్న వేశాను. దీన్ని రాసింది ఎవరు? విభాగం అన్నారు ఒకరు. విభాగం మనిషా అని లావణ్య అడిగింది. చేయబడినారు, తీసుకొనబడును అన్న మాటలను బట్టి రాసింది ఆఫీసువాళ్లని తేల్చారు. చర్య తీసుకొనబడును అనడానికి కోపం ఉండాలి కదా అని ఒక తల్లి అడిగితే, ఒక పిల్లాడు వాళ్లమ్మ ఫోనులో పాత మెసేజీలు తీశాడు. దీపావళి సెలవు ప్రకటన కింద కూడా, లేనిచో చర్య తీసుకొనబడును అని ఉంది. సెలవు తీసుకోకపోతే ఏం చర్య తీసుకుంటారు అని గది గదంతా ఆలోచనలో పడింది. తలుపు దగ్గర నిలబడి వింటున్న సూపరింటెండెంటు గారు, అది ఫార్మాటండీ, అని మెల్లగా అన్నారు. గది మొదటిసారి నవ్వింది.

ఎవరి కోసం రాశారు, ఎప్పుడు రాశారు అన్న రెండు ప్రశ్నలూ వాళ్లే వేసుకొని వాళ్లే జవాబు చెప్పుకొన్నారు. ఎంపిక అన్న మాటను ఒక అమ్మాయి పట్టుకుంది. ఫెయిలైనవాళ్లను ఎవరైనా ఎంపిక చేస్తారా? రాసినవాళ్లు మంచి అర్థంలో రాశారు, చదివినవాళ్లు చెడ్డ అర్థంలో చదివారు, మధ్యలో ఉన్న మాట మాత్రం ఒకటే. నేను వారం రోజులు తయారై చెప్పాలనుకున్న పాఠం వాళ్లే చెప్పేస్తున్నారు.

సత్యనారాయణ గారు ఊరుకోలేదు. ఎన్ని చెప్పినా ట్యుటోరియల్ అంటే తప్పినవాళ్లకేనని, అది ఈ వీధిలో ఎవరినడిగినా చెబుతారని లేచి నిలబడి అన్నారు. ఇక మిగిలింది నాలుగో ప్రశ్న. నేను మామూలుగా, క్లాసులో సాక్షిని అడిగినట్టు అడిగాను.

"మీకెలా తెలుసండీ?"

ఆయన నోరు తెరిచారు. మూశారు. ఆ తర్వాత ఏమనాలో నాకు తోచలేదు. ఎప్పటిలాగే నా మాట ఆగిపోయింది. అలవాటున్న మాస్టారైతే ఇంకో ప్రశ్న వేసి ఆయన్ని గట్టెక్కించేవారు. నాకు చేతకాలేదు. అలాగే ఆయన వైపు చూస్తూ నిలబడిపోయాను. ఆ మౌనంలో ఆయన మెల్లగా కూర్చుని, జేబురుమాలుతో మెడ తుడుచుకుని అన్నారు.

"నేను పోయిన."

కార్తీక్ వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి పోయినవు డాడీ?"

"హిమాయత్‌నగర్ ట్యుటోరియల్‌కు. ఇంటర్ల లెక్కలు పోయినయి. నీకిప్పుడు ఖుషీనా?"

కార్తీక్ మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఒకసారా రెండుసార్లా అని అడిగాడు. అమ్మకు తెలుసా అని అడిగాడు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు వరసలో తండ్రిని అడుగుతూనే ఉన్నాడు. సత్యనారాయణ గారు, ఇంట్లో చెప్తే చూడు, అని వేలు చూపిస్తూ, చూపిస్తూనే తానూ నవ్వేశారు. ఆ పక్కనున్న మరో తండ్రి, ఏ సంవత్సరమన్నా, ఏ బ్యాచి, అని చనువుగా అడిగాడు. ఆయనా అక్కడే చదివాడట. ఆ మెట్ల దగ్గర బజ్జీల బండి ఉండేది గుర్తుందా అని ఒకరు, గుర్తులేకేం అని ఒకరు. పిల్లలు బల్ల మీద తలలు పెట్టి నవ్వుతున్నారు. లావణ్య కన్నీళ్లు తుడుచుకుంటూ, సార్, మీరు ప్రత్యక్ష సాక్షి, మీ మాట రాసుకోవచ్చు, అంది. నేను నల్లబల్ల వైపు తిరిగి సుద్దముక్క వెతుకుతున్నట్టు నిలబడ్డాను. టీచింగ్ అసిస్టెంటు అంతలా నవ్వకూడదేమోనని.

గంట అయిపోయిందని యాదగిరి వచ్చి చెప్పాడు. ఎవరూ లేవలేదు. కృష్ణయ్య మాత్రం లేచి నా దగ్గరకు వచ్చాడు. గంటసేపూ ఆయన పిల్లల వైపే చూస్తూ కూర్చున్నాడు. టీసీ అడుగుతాడనుకున్నాను.

"ఫెయిలైనోళ్లు గిట్ల నవ్వరు మేడమ్" అన్నాడు.

అని, కూతురిని పిలిచి, మధ్యాహ్నం సద్ది తినమని చెప్పి, తాను పనికి వెళ్లిపోయాడు. వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, ఆ పేరొక్కటి మార్చమని చెప్పాడు. స్లాబు మీద అందరికీ ఏమని చెప్పుకోవాలో తెలియట్లేదని.

ఆ రోజు చిక్కడపల్లి దాకా ఎలా నడిచానో నాకు తెలియదు. కోచింగు బోర్డుల కింద, జిరాక్స్ షాపుల ముందు, నాలో నేనే నవ్వుకుంటూ నడిచాను. గుంపుగా వెళ్తున్న కుర్రాళ్లు పక్కకు తప్పుకొని దారిచ్చారు. ఇంటికెళ్లి డైరీ తెరిచి 'మీకెలా తెలుసండీ' అని రాసి, ఇంకేమీ రాయలేక మూసేశాను.

సోమవారం వేదవతి గారికి జరిగిందంతా చెప్పాను. ఎర్ర సిరా పడకముందే మార్కు బయటపెట్టానని కూడా చెప్పాను. ఆమె లావణ్య వ్యాసం తెప్పించుకొని, రెండుసార్లు చదివారు. తర్వాత కళ్లద్దాల మీంచి చూసి, పెన్సిలుతో చెప్పావా పెన్నుతో చెప్పావా అని అడిగారు. పెన్సిలుతోనే చెప్పానన్నాను. ఆమె నా అంకె మీదే ఎర్ర సిరా దిద్ది, సంతకం పెట్టారు.

పేరు మార్చడానికి విభాగం సమావేశం పెట్టింది. చర్చా తరగతి అని తెలుగులో చక్కగా ఉందన్నారు. ఆ వారం ఇద్దరు తల్లులు వచ్చి, చర్చిల క్లాసేంది మేడమ్, ఏ చర్చిల, అని అడిగారు. దాన్ని కూడా తీసేశాం. చివరికి శనివారం క్లాసు అని రాశాం. ఆ పేరును ఎవరూ ఇంకోలా చదవలేకపోయారు. సూపరింటెండెంటు గారు కింద చర్య తీసుకొనబడును అని మాత్రం వదల్లేదు.

నన్ను నియమించిన పథకానికి ఇచ్చిన గడువు ఈ ఏడాది ముగిసింది. టీచింగ్ అసిస్టెంటు పోస్టును విశ్వవిద్యాలయం కొనసాగించలేదు. ఉద్యోగం నుంచి విరమించినవాళ్లు జ్ఞాపకాలు రాస్తారు. నా సంగతిలో విరమించింది పోస్టు, నాకు ఇరవై ఏడు. అయినా రాస్తున్నాను. ఈ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు, ఆ శనివారం నేర్పింది రెండు ముక్కల్లో చెప్పగలను. ఒక మాట వాడేముందు, అది పుస్తకంలో ఏమిటో కాదు, ఆ వీధిలో ఏమిటో కనుక్కోవాలి. ప్రశ్న వేశాక జవాబు వచ్చేదాకా నోరు మూసుకోవాలి. మొదటిది నాకు ఆలస్యంగా తెలిసింది. రెండోది నాకు పుట్టుకతోనే వచ్చింది. అది ఈ వృత్తిలో పనికొస్తుందని ఎవరూ చెప్పలేదంతే.

ఆఖరి శనివారం క్లాసు ఈ వేసవిలో జరిగింది. లావణ్య అప్పటికి ఎం.ఏ. మొదటి ఏడాది ముగించింది. కొత్త పిల్లలను కూర్చోబెట్టి నాతో పాటు తనూ ప్రశ్నలు వేసింది. గంట అయిపోయింది. ఒక శాసనం తేదీ నమ్మాలా వద్దా అని పిల్లలు రెండు పక్షాలయ్యారు. నేను ఒక పక్షంలో చేరాను. బల్ల మీద చెయ్యి కొట్టి మరీ వాదించాను. కిటికీలో ఎండ తగ్గింది. మెట్లు దిగుతూ వాదించాం, వరండాలో నిలబడి వాదించాం, మళ్లీ లోపలికెళ్లి నల్లబల్ల మీద గీసి వాదించాం. యాదగిరి తాళాల గుత్తి పట్టుకొని తలుపు దగ్గర చాలాసేపు చూశాడు. చివరికి అన్నాడు.

"మేడమ్, ఇగ మాట్లాడుడు జర ఆపుండ్రి. తాళమెయ్యాలె."